పిడుదు జ్వరం: కిట్టు ఎవరికి కావాలి?

చలికాలం మొదలయ్యేసరికి మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వార్త వచ్చి పడుతుంది. ఫలానా ఊళ్లో పురుగు కుట్టి, జ్వరమొచ్చి మనిషి పోయాడు, స్క్రబ్ టైఫస్ అంట, దగ్గర్లో పరీక్ష చేసే దిక్కు కూడా లేదంట. దాని కింద వరసబెట్టి అందరూ రాసే మాట ఒక్కటే: ప్రతి పీహెచ్‌సీలోనూ కిట్లు పెట్టాలి. ఈసారి ఆ మాటకు తల ఊపడం నా వల్ల కాలేదు.

నేను తిరుపతిలో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేసి బతికే మనిషిని. పరీక్షలు దండగ అని అనను. నేను చెప్పదలచుకున్నది వేరే. జ్వరంతో మంచాన పడ్డ మనిషికి మందు మొదలుపెట్టడానికి కిట్టు అక్కర్లేదు, దానికోసం ఆగితే నష్టం. కిట్టు కావాల్సింది ఆ మనిషి ఉండే ఊరికి. ఆ ఊరి కుక్కలకు, ఆవులకు, ఎలుకలకు, వాటి చెవులు పట్టుకుని వేలాడే పిడుదులకు. మనం ఈ రెండింటినీ తారుమారు చేసుకున్నాం. మందు ఇవ్వడానికి రిపోర్టు కోసం కాచుకుని కూర్చుంటాం. ఊళ్లో ఏ క్రిమి తిరుగుతోందో తెలుసుకోవడానికి మాత్రం ఒక్క పరీక్షా చేయం.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి, ఎందుకంటే గ్రూపులో అన్నీ కలిపేస్తున్నారు. స్క్రబ్ టైఫస్ తెచ్చేది పిడుదు కాదు. కంటికి ఆనీ ఆనని ఒక నల్లి జాతి పురుగు (మంచంలో ఉండే నల్లి కాదు, మైట్ అంటారు), అందులోనూ దాని పిల్ల దశ ఒక్కటే మనిషిని కుడుతుంది. అందులో ఉండే బ్యాక్టీరియా పేరు ఓరియెన్షియా సుసుగాముషి. పిడుదు తెచ్చేది దానికి దాయాది జబ్బు, ఇండియన్ టిక్ టైఫస్ అంటారు, క్రిమి పేరు రికెట్సియా కొనోరై. కుక్కల మీద కనిపించే గోధుమరంగు పిడుదే దీన్ని ఎక్కువగా మోసేది. రెండింటికీ జ్వరం ఒకేలా మొదలవుతుంది, రెండింటికీ ఒకే మందు పనిచేస్తుంది. కానీ ఒకదాని కోసం చేసిన పరీక్షలో రెండోది పడదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

చిన్నమ్మ జ్వరం

మా చిన్నమ్మది చంద్రగిరి అవతల కొండ కింద పల్లె. రెండు సీమావులు, ఒక కుక్క, కాస్త శెనక్కాయ చేను. కాయ పీకేటప్పుడు నాలుగు రోజులు చేలోనే కూర్చుని చెట్లు దులిపింది. తర్వాత కొన్నాళ్లకు జ్వరం పట్టుకుంది. ఊళ్లో సూది వేయించారు, తగ్గలేదు. టౌనులో ఒక నర్సింగ్ హోముకు తీసుకొచ్చారు. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్షలో 1:80 వచ్చింది. దాన్ని పట్టుకుని టైఫాయిడ్ అన్నారు. సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలుపెట్టారు.

వైడాల్ పరీక్ష 1896 నాటిది. మన దగ్గర నీళ్లూ తిండీ ఎలా ఉంటాయో తెలుసు కదా, ఆరోగ్యంగా తిరిగే మనిషి రక్తం తీసి చూసినా 1:80 రావడం వింతేమీ కాదు. ల్యాబులో పనిచేసే ఎవరికైనా ఇది తెలుసు. తెలిసీ ఆ కాగితం ప్రింటు తీసి ఇస్తాం, అవతల దాని మీద వైద్యం నడుస్తుంది.

వారం దాటింది. జ్వరం దిగలేదు, దగ్గు మొదలైంది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ప్లేట్‌లెట్లు తగ్గాయనేసరికి మా తమ్ముడికి ఇంకో ఆలోచన రాలేదు. డెంగీయే అయ్యుంటుందని బొప్పాయి ఆకు కోసం పరుగెత్తాడు. స్క్రబ్ టైఫస్‌లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, టిక్ టైఫస్‌లోనూ తగ్గుతాయి. ఈ సంగతి బొప్పాయి ఆకంత ప్రచారం పొంది ఉంటే ఎంత బాగుండేది.

ఆయాసం ఎక్కువైతే పెద్దాసుపత్రికి మార్చారు. అక్కడ చీర తీసి ఆసుపత్రి బట్టలు వేస్తున్నప్పుడు నర్సు ఆగింది. నడుం దగ్గర, లంగా నాడా బిగించే చోట, చిటికెన వేలి గోరంత నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రగా కందిన చర్మం.

"ఇదెప్పట్నుంచి ఉండాదమ్మా?"

"నాడా ఒరుసుకోని పుండయింది మా. నొప్పేం లేదు, అందుకే ఎవురికీ చెప్పలా."

నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే ఎవరూ చెప్పరు. చంకలో, గజ్జలో, రొమ్ము కింద, నడుం చుట్టూ ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. అంతకుముందు ఆమెను చూసిన వాళ్లంతా నాలుక చూశారు, కళ్లు చూశారు, రవిక మీద నుంచే స్టెతస్కోపు పెట్టారు. మగ డాక్టరు, పల్లెటూరి ఆడమనిషి, చుట్టూ బంధువులు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఒక నర్సును పక్కన పెట్టుకుని తెర లాగి చూడటానికి ఖర్చయ్యేది రెండు నిమిషాలు.

డాక్టరు వచ్చి ఆ చెక్కు చూసి, రిపోర్టుకు ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. స్క్రబ్ టైఫస్‌కు చేసిన ఐజీఎం ఎలీసా అనే రక్తపరీక్ష పాజిటివ్ అని కాగితం వచ్చేనాటికి చిన్నమ్మ లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. ఆ కాగితం వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. ఊరికి ఒరగాలి, కానీ అది ఆసుపత్రి ఫైలు దాటి ఊరిదాకా వెళ్లిందని నేను అనుకోను.

రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతుంది

ఈ బ్యాక్టీరియాలు మన కణాల లోపల దూరి బతుకుతాయి, బయట పెరగవు. మామూలు కల్చర్ ప్లేటు మీద వారం ఉంచినా ఏమీ మొలవదు. పెంచాలంటే బతికున్న కణాలు కావాలి, పైగా పెంచేవాళ్లకే అంటుకునే ప్రమాదం ఉంది కనుక మూడో స్థాయి భద్రత ఉన్న ల్యాబు కావాలి. 1906లో పిడుదుల ద్వారా రాకీ మౌంటెన్ జ్వరం వస్తుందని గినీ పందుల మీద చూపించిన హోవార్డ్ రికెట్స్ 1910లో మెక్సికోలో టైఫస్ మీద పనిచేస్తూ ఆ టైఫస్‌తోనే పోయాడు. రికెట్సియా అన్న పేరు ఆయనదే.

కల్చర్ కుదరదు కనుక మిగిలినవి రెండు దారులు. జ్వరం మొదటి రోజుల్లో అయితే పీసీఆర్, అంటే రక్తంలో గానీ ఆ నల్ల చెక్కులో గానీ క్రిమి జన్యువు కోసం వెతకడం. చెక్కు దొరికితే రక్తం కంటే అదే మంచి నమూనా. తర్వాతి రోజుల్లో అయితే శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాల కోసం ఎలీసా. అవి తయారవడానికి సుమారు వారం పడుతుంది. అంటే మూడో రోజు కిట్టు గీత చూపించకపోతే జబ్బు లేదని అర్థం కాదు, ఇంకా సమయం రాలేదని అర్థం. ఇంకోవైపు, ఒకసారి వచ్చిన ఐజీఎం అనే ప్రతిరక్షకం నెలల తరబడి రక్తంలో ఉండిపోవచ్చు. నిరుడు వచ్చిపోయిన జబ్బు ఈ ఏటి జ్వరంలో కనిపించి ఇంకో తప్పుదారి పట్టించగలదు. కచ్చితంగా తేల్చాలంటే రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండుసార్లు రక్తం తీసి, ప్రతిరక్షకాలు నాలుగు రెట్లు పెరిగాయా అని చూడాలి. అన్నాళ్లకు రోగి కోలుకుని పనికి పోతుంటాడు, లేదా మిగిలి ఉండడు.

చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ నడిచేది వైల్-ఫెలిక్స్. 1916లో, మొదటి ప్రపంచయుద్ధం టైఫస్‌తో సైన్యాలను తినేస్తున్న రోజుల్లో, ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫెలిక్స్ కనిపెట్టారు. టైఫస్ రోగి రక్తరసం ప్రోటియస్ అనే వేరే బ్యాక్టీరియాను గుంపుకట్టిస్తుంది. జబ్బుకూ ప్రోటియస్‌కూ సంబంధమే లేదు, పైపొరలో చిన్న పోలిక ఉందంతే. ప్రోటియస్ రకాల్లో ఓఎక్స్-కే గుంపుకడితే స్క్రబ్ టైఫస్, ఓఎక్స్-19, ఓఎక్స్-2 గుంపుకడితే మిగతావి అని అంచనా. చవక, పరికరాలు అక్కర్లేదు. కానీ చాలామందిని వదిలేస్తుంది. ఆనాడు చేతిలో ఇంకేం లేవు కాబట్టి అది గొప్ప పరీక్ష. ఈనాడు దాని నెగెటివ్ చూసి మందు ఆపేయడం అన్యాయం.

మా దగ్గరికొచ్చే చీటీల మీద 'ఫీవర్ ప్రొఫైల్' అని ఉంటుంది, అంతే. ఎన్నో రోజు జ్వరమో ఉండదు. పైన చెప్పిన పరీక్షలన్నీ ఆ రోజు సంఖ్య మీదే ఆధారపడి ఉన్నాయి. నేను అడుగుతూ ఉంటాను. "ఎప్పట్నుంచి అక్కా జొరం?" అంటే "మొన్న సంతకు పోయొచ్చినప్పట్నుంచి" అంటారు. సంత ఏ వారమో నాకు తెలుసు కాబట్టి లెక్క కట్టుకుంటాను. ఆ లెక్క రిపోర్టులో రాయడానికి గడి లేదు.

ఇక ముందు గుర్తుపెట్టుకోమన్న మాట. పీహెచ్‌సీలో కిట్టు పెట్టాలంటున్నవాళ్లు అడుగుతున్నది స్క్రబ్ టైఫస్ కిట్టు. కుక్క పిడుదు వల్ల టిక్ టైఫస్ వచ్చిన మనిషికి ఆ కిట్టు నెగెటివ్ చూపిస్తుంది, అది కిట్టు తప్పు కాదు. కానీ 'స్క్రబ్ నెగెటివ్' అని చేతికొచ్చిన చీటీని చదివే మనిషి 'పురుగు జ్వరం కాదు' అనుకుంటాడు. డాక్సీసైక్లిన్ రాయబోయిన చెయ్యి ఆగిపోతుంది. ఏ పరీక్షా లేనినాడు పడే మందు, సగం పరీక్ష ఉన్నందువల్ల పడకుండా పోతుంది. నా భయమంతా ఇదే.

అందుకే 2015లో భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన మార్గదర్శకాలు అనుమానం రాగానే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టండి, ల్యాబు కోసం ఆగొద్దు అన్నాయి. కొత్త మాటేమీ కాదు. చిత్తూరు వాళ్లం పెద్ద జబ్బొస్తే బస్సెక్కి పోయే వేలూరు సీఎంసీ డాక్టర్ల ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన ఒకటి 2023లో వచ్చింది. జబ్బు ముదిరిన స్క్రబ్ టైఫస్ రోగులకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఏదో ఒకటి ఇచ్చినదానికంటే మేలని తేల్చారు. ముదిరినవాళ్ల గురించి అంత మంచి ఆధారం మన పొరుగునే తయారైంది. ముదరకముందు లంగా నాడా కింద చూడటం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

కొట్టంలో పడిన మందు

చిన్నమ్మ జ్వరానికి ముందు, అదే వానాకాలం ఆఖర్లో, ఆమె సీమావుకు జబ్బు చేసింది. మేత మానేసింది, పాలు పడిపోయాయి, కళ్లు పాలిపోయి పచ్చబడ్డాయి. పశువుల డాక్టరు వచ్చి మొదట గంగడోలు ఎత్తి చూశాడు, తోక కింద చూశాడు, చెవులు తిప్పి చూశాడు. పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. "ఉచ్చ ఎర్రగా పోస్తాందా?" అని అడిగాడు. లేదంది చిన్నమ్మ. చెవి అంచున సూదితో పొడిచి ఒక బొట్టు గాజుపలక మీద రాసుకుని, ఆక్సీటెట్రాసైక్లిన్ వేసి వెళ్లాడు.

ఆ ఒక్క ప్రశ్నలో ఎంత విద్య ఉందో నాకు తర్వాత తెలిసింది. మూత్రం ఎర్రగా వస్తే బెబీషియా వైపు ఆలోచిస్తారు, అది బ్యాక్టీరియా కాదు, దానికి మందు వేరు. ఎర్రగా రాకుండా రక్తం తగ్గి కామెర్లు కనిపిస్తే అనాప్లాస్మా వైపు చూస్తారు, అది పిడుదు మోసే బ్యాక్టీరియా. జీమ్సా రంగు వేసిన పలక మీద ఎర్ర రక్తకణం అంచున ముదురు చుక్కలా కనిపిస్తుంది. 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ దాన్ని వర్ణించి, అంచున ఉంటుంది కాబట్టే మార్జినేల్ అని పేరు పెట్టాడు. పలక రిపోర్టు తర్వాత వస్తుంది. మందు అప్పుడే పడిపోయింది.

అడిగాడు, ఒళ్లంతా చూశాడు, మందు వేశాడు, నమూనా తీసుకుపోయాడు. ఆ వరసే మనుషుల దగ్గర తిరగబడింది. పైగా ఆవుకు వేసిన మందూ చిన్నమ్మను కాపాడిన మందూ ఒకే కుటుంబానివి. కొట్టంలో పడిన మందు ఇంట్లోకి రావడానికి వారం పైన పట్టింది.

ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. ఆవుకు వచ్చిన అనాప్లాస్మా మార్జినేల్ మనిషికి రాదు. ఆవు మీది పిడుదు మనిషిని అరుదుగా కరుస్తుంది. చిన్నమ్మను కుట్టింది ఆ పిడుదే కాదు, చేలోని నల్లి. ఆవు జబ్బు చూసి చిన్నమ్మ జబ్బు కనిపెట్టి ఉండొచ్చని నేను చెప్పడం లేదు. ఆమె రోజంతా ఎక్కడ కూర్చుంటుంది, ఏ జంతువుల మధ్య తిరుగుతుంది అని ఏ డాక్టరూ అడగలేదంటున్నాను. పశువుల డాక్టరుకు ఆ ఇంటి నేల తెలుసు. మనుషుల డాక్టరుకు ఆ ఇంటి రక్తం మాత్రమే తెలుసు.

పురుగులు జబ్బులు మోస్తాయని లోకానికి మొదట రుజువు చేసిన పని కూడా ఇలా కలిసి చేసినదే. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్బోర్న్ టెక్సాస్ పశుజ్వరం పిడుదుల వల్లే వస్తుందని చూపించారు. స్మిత్ వైద్యం చదివినవాడు, కిల్బోర్న్ పశువైద్యుడు. కొన్ని ఆవుల మీది పిడుదులను చేతులతో ఏరేసి, కొన్నింటిని ఏరకుండా వదిలి, ఏ పొలంలో ఆవులు పడిపోతాయో చూశారు. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియాను చూసింది దాని తర్వాత నాలుగేళ్లకు. పిడుదే కారణమని అక్కడి పశువుల కాపర్లు అప్పటికే చెబుతూ వచ్చారు, చదువుకున్నవాళ్లు నమ్మలేదు.

పిడుదులో దొరికిందంతా జబ్బేనా?

సరే, ఊరిని పరీక్షించాలంటున్నాను కదా, అది నేను అనుకున్నంత సులభమా? ఈ అనుమానం నాకు మా మేడ మీద అద్దెకుండే పశువైద్య విద్యార్థి వల్ల వచ్చింది. అతను సెలవు రోజుల్లో వీధి కుక్కల మీద, పల్లెల్లో ఆవుల మీద పిడుదులు ఏరి సారాయి పోసిన చిన్న గొట్టాల్లో వేస్తాడు. ఒకసారి ఒక గొట్టం వెలుతురుకు పెట్టి చూపించాడు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు అచ్చం ఆముదపు గింజలా ఉంది. పక్కనే అదే జాతి తాగనిది, నువ్వుగింజలో సగం కూడా లేదు.

"దీంట్లో పీసీఆర్‌కు పాజిటివ్ వస్తే అది పిడుదుదో, కుక్కదో చెప్పలేం అక్కా" అన్నాడు. కడుపునిండా కుక్క రక్తమే ఉంది కదా. కుక్కకు ఎర్లీషియా (పిడుదులు మోసే ఇంకో బ్యాక్టీరియా) ఉంటే ఆ క్రిమి జన్యువు పిడుదు కడుపులోనూ కనిపిస్తుంది. పిడుదు దాన్ని ఇంకో జంతువుకు అంటించగలదని అది రుజువు కాదు. ఇంకో చిక్కు ఇంతకంటే పెద్దది. పిడుదుకు రక్తం తప్ప తిండి లేదు, రక్తంలో బీ విటమిన్లు చాలవు. అందుకని చాలా పిడుదుల్లో ఆ విటమిన్లు చేసిపెట్టే బ్యాక్టీరియాలు పుట్టుకతోనే కాపురం ఉంటాయి. వాటిలో కొన్ని క్యూ ఫీవర్ తెచ్చే కాక్సియెల్లాకు దగ్గరి చుట్టాలు. పీసీఆర్‌లో జన్యువును వెతికి పట్టే తునక, అంటే ప్రైమర్, కాస్త వదులుగా ఎంచుకుంటే పరీక్ష ఆ సాధువును చూసి దొంగ దొరికాడంటుంది. రికెట్సియాల్లోనూ మనిషికి హాని చేయనివి ఉన్నాయి.

ఇది విన్నాక కొన్నాళ్లు నా వాదన మీద నాకే నమ్మకం సడలింది. పిడుదుల్లో బ్యాక్టీరియా అని పేపర్లో ఒక వార్త పడితే మా గ్రూపులో ఏమవుతుందో ఊహించగలను. వీధి కుక్కలను కొట్టి చంపడానికి అది చాలు. సగం రుజువుతో ఊరిని భయపెట్టడం కంటే తెలియకపోవడమే మేలేమో అనిపించింది.

కానీ ఆ కుర్రాడే దారి కూడా చెప్పాడు. పాజిటివ్ వచ్చిన ప్రతిదాన్నీ జన్యువు వరసను చదివే సీక్వెన్సింగ్‌కు పంపి ఏ జాతో తేల్చుకోవాలి. ఉబ్బిన పిడుదులతో పాటు, తెల్ల ఫ్లానెల్ గుడ్డను గడ్డి మీదుగా ఈడ్చి, తిండి కోసం గడ్డికొసన కాచుకుని ఉన్న ఆకలి పిడుదులను పట్టాలి. వాటిలో దొరికితే అది పాత జంతువు రక్తం మిగులు అనడానికి వీల్లేదు. అన్నిటికంటే మించి కుక్కల రక్తం చూడాలి. కుక్క ఒంట్లో రికెట్సియా ప్రతిరక్షకాలు ఉన్నాయంటే ఆ క్రిమి ఆ వీధిలో కుట్టి, ఒంట్లోకి దిగి, పోరాటం జరిగిందన్నమాట. కుక్క మనుషుల మధ్యే పడుకుంటుంది, మనకంటే ముందు దాన్నే పిడుదు పడుతుంది. మనిషికి రాబోయేది కుక్క రక్తంలో ముందే రాసి ఉంటుంది. స్క్రబ్ టైఫస్‌కైతే కుక్క బదులు ఎలుక. బోనులో పట్టి చెవుల్లోపల దువ్వితే ఆ నల్లి పిల్లలు నారింజ రంగు పొడిలా రాలతాయట.

ఇంత పనికి ఆరంభంలో ఖర్చుంది, నిజమే. కానీ దీనికి తొందర లేదు. రోగి మంచం దగ్గర పరీక్షకు గంటలు లెక్క. ఊరి పరీక్షకు నెలలున్నాయి, వానలు ఆగేలోపు చేస్తే చాలు. నమూనాలు నిదానంగా గుంపులుగా చేయొచ్చు. పైగా ఏ యంత్రాలు కావాలో అవన్నీ తిరుపతిలోనే ఉన్నాయి. స్విమ్స్ ఉంది, ఎస్వీ మెడికల్ కాలేజీ ఉంది, రుయా ఉంది, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. కోవిడ్ తర్వాత పీసీఆర్ అంటే తెలియని ల్యాబు మనిషి లేడు.

తెలిసి ఏం చేస్తారని అడగొచ్చు. ఫలానా మండలంలో కుక్కల్లో టిక్ టైఫస్ ఆనవాళ్లున్నాయని తెలిస్తే అక్కడి పీహెచ్‌సీ డాక్టరు జ్వరం చూడగానే వేసుకునే మొదటి ప్రశ్న మారుతుంది. అరచేతులూ అరికాళ్లూ తిప్పి చూస్తాడు, ఎందుకంటే ఈ జబ్బులో దద్దు అక్కడికీ పాకుతుంది. మన నల్లటి ఒంటి మీద మిగతా చోట్ల దద్దు అంత తేలిగ్గా కనిపించదు. ఆశా కార్యకర్త ఆడవాళ్లను చాటుకు పిలిచి నల్ల చెక్కు ఉందా అని అడుగుతుంది. కుక్కల కొట్టం గోడ పగుళ్లలో సున్నం పూస్తారు, గోధుమరంగు పిడుదు గుడ్లు పెట్టేది ఆ పగుళ్లలోనే, ఒక్కోటి వేలల్లో పెడుతుంది. పిల్లలకు పిడుదులను గోళ్ల మధ్య చిదపొద్దని చెప్తారు. చిదిపితే కారే రసం వేలి మీది గీత గుండా కూడా జబ్బు తేగలదు.

ఒంటి మీద పిడుదు కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు. దాన్ని సీసాలో వేసి ల్యాబుకు తెచ్చి "ఇందులో జబ్బుందేమో చూడండి" అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. చూసినా ప్రయోజనం లేదు. ఉందన్నంత మాత్రాన మీకు అంటిందని కాదు, లేదన్నంత మాత్రాన ఇంకోటి కరవలేదని కాదు. తారీఖు రాసిపెట్టుకోండి, రెండు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకు ఆ తారీఖు చెప్పండి.

డాక్టర్ల అభ్యంతరం

నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ ఈ వాదనను గట్టిగా కొట్టేశారు. "జ్వరమని వచ్చిన ప్రతివాడికీ డాక్సీ రాస్తే ఇంకో పదేళ్లకు అదీ పనిచేయకుండా పోతుంది. మీరు ల్యాబులో కూర్చుని చెప్పడం తేలికే" అన్నారు. ఆ కోపంలో న్యాయముంది. యాంటీబయాటిక్‌ను అనుమానం మీద రాయడం మంచి అలవాటు కాదు.

నేను ఆమెకు చెప్పింది ఇది. మేడమ్, ఇప్పుడు రాయడం లేదా? అనుమానం మీదే సెఫ్‌ట్రయాక్సోన్ ఎక్కిస్తున్నారు, అదీ వైడాల్ చూసి. అది కణం లోపల దాక్కున్న ఈ బ్యాక్టీరియాను ఏమీ చేయలేదు. నేను అడుగుతున్నది ఇంకో మందు కలపమని కాదు, అడిగి, చూసి, సరైనది ఎంచుకోమని. ప్రతి జ్వరానికీ కాదు. అయిదు రోజులు దాటిన జ్వరం, చేను గానీ గడ్డి గానీ పశువులు గానీ ఉన్న మనిషి, మలేరియా డెంగీ తేలనిది, అక్టోబరు నుంచి జనవరి దాకా. చెక్కు కనిపిస్తే ఇంకేమీ అక్కర్లేదు. ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కూ ఈ మందు పనికొస్తుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఉంది. రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే మన అంచనా తప్పని తెలుస్తుంది, వేరే దారి చూడొచ్చు. కర్ణాటక అడవుల్లో పిడుదులే తెచ్చే క్యాసనూర్ జ్వరం వైరస్, దానికి డాక్సీ పనిచేయదు. కాబట్టి 'పిడుదు అంటే డాక్సీ' అని కళ్లు మూసుకోమని కూడా అనను.

ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. ఒక్క రోగికి ఇది సరే, వంద మందికి రాసేటప్పుడు నీకున్న ఈ జాగ్రత్త ఎవరికుంటుంది అన్నారు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఊరిని పరీక్షించమనడానికి ఇదే పెద్ద కారణమని నాకు తోస్తుంది. ఏ మండలంలో ఉందో, ఏ నెలలో లేస్తుందో తెలిస్తే ఆ అనుమానానికి హద్దులు ఏర్పడతాయి. లేని ఊళ్లో డాక్సీ రాయడం తగ్గుతుంది, ఉన్న ఊళ్లో ఆలస్యం తగ్గుతుంది.

చీటీ మీద రెండు గడులు

ప్రభుత్వాన్ని అడగాల్సినది ఉంది. పశువైద్యశాల రక్తపు పలకల రిజిస్టరు, పీహెచ్‌సీ జ్వరాల రిజిస్టరు నెలకోసారి ఒకే బల్ల మీద పెట్టి మండలాల వారీగా చూసే మనిషి జిల్లాకు ఒకరు కావాలి. ఆవుల్లో పిడుదు జబ్బులు లేచిన ఊళ్లలో కుక్కల రక్తం తీయించే అధికారం ఆ మనిషికి ఉండాలి. పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు పాడి మీద బతికే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. అక్కడ పశువుల డాక్టరు నెలనెలా అడుగుపెట్టే ఇళ్లలో మనుషుల డాక్టరు ఏడాదికోసారి కూడా అడుగుపెట్టడు. సమాచారం ఎవరి దగ్గర ముందు పోగవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మా ల్యాబులో నేను అడిగింది ఇంకా చిన్నది. చీటీ మీద రెండు గడులు: ఒకటి జ్వరం ఎన్నో రోజు అని, రెండోది ఇంట్లో పశువులు గానీ కుక్క గానీ ఉన్నాయా, చేలో పనిచేశారా అని. అయిదో రోజు లోపు రక్తమైతే ఎలీసా నెగెటివ్ కింద 'జబ్బు లేదని చెప్పడానికి సరిపోదు' అని ఒక ముక్క ప్రింటు చేయాలి. యజమాని మొదటి గడికి ఒప్పుకున్నారు, కొత్త చీటీలు ప్రెస్సుకు వెళ్లాయి. ఆ ముక్క ప్రింటు చేయడానికి డాక్టర్లను ఒక మాట అడుగుతానన్నారు. రెండో గడికి మాత్రం ఒప్పుకోలేదు. "పశువుల సంగతి డాక్టరు అడగాల్సింది కదమ్మా, ల్యాబుకెందుకు?" అన్నారు. డాక్టరు అడిగేదాకా నేను పెన్నుతో చీటీ వెనకాల రాస్తున్నాను.